చేతికి సరిపడే కత్తి

పొద్దున్నే దుకాణం తెరవగానే కళ్ళజోళ్ళాయన చేసే మొదటి పని అద్దాలన్నీ తుడవడం. గోడకున్న నిలువుటద్దం, బల్ల మీది చేతి అద్దం, గాజు బీరువాలో వరసగా పెట్టిన ఫ్రేములు, ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడిచి, ముక్కు దగ్గర మరలు వదులయ్యాయేమో చూసి, మళ్ళీ ఎక్కడివక్కడ పెడతాడు. ఏళ్ళ తరబడి అలవాటు. ఈమధ్య ఆ పనికి ముందు ఇంకో పని వచ్చి చేరింది. వెనక గదిలోంచి పీట తెచ్చి బీరువా ముందు వేసుకోవాలి. అది ఎక్కితే గానీ పై అరలు అందడం లేదు.

వచ్చినవాళ్ళు పీటని చూసేవాళ్ళు గానీ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఆ ఊళ్ళో సిగ్గుపడ్డవాళ్ళు కుంచించుకుపోవడం కొత్తేమీ కాదు. నలుగురిలో నోరు జారిన పెద్దావిడ వేలెడు తగ్గి, నాలుగు రోజులు గడిచాక మామూలైపోతుంది. పరీక్ష తప్పిన పిల్ల ఆ సెలవులంతా పాత గౌన్లే వేసుకుంటుంది. దర్జీలు అందుకే పంట్లాం అంచులో మడత ఎక్కువ వదులుతారు. ఎవరైనా తగ్గి కనబడితే మర్యాద తెలిసినవాళ్ళు చూపు పక్కకి తిప్పుకుంటారు, అంతే.

కళ్ళజోళ్ళాయన తగ్గడం మాత్రం అందరిలా లేదు. వానలు మొదలైనప్పటి నుంచీ తగ్గుతూనే ఉన్నాడు. మొదట చొక్కా చేతులు వేళ్ళ మీదికి జారాయి. తర్వాత చెప్పులు వదులయ్యాయి. ఇప్పుడు ఎవరి ముక్కు మీదైనా జోడు సర్దాలంటే వాళ్ళు కుర్చీలో కూర్చోవాలి, తను పీట ఎక్కాలి.

"పాపం, బావమరిది చేసిన పనికి ఈయనిలా అయిపోతున్నాడు" అని వీధిలో అనుకునేవాళ్ళు. ఆ మాట మొదట అన్నది ఆయన భార్యే. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు, వీధిలో నర్సమ్మ అనే పిలుస్తారు. "ఒకరి తప్పుకి ఇంకొకరు ఇంతగా సిగ్గుపడటం నేనెక్కడా చూళ్ళేదమ్మా. మా ఆయన మనసు అంత మెత్తన" అని వార్డులో తోటివాళ్ళతో చెప్పుకునేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన ఇంకో గింజంత తగ్గేవాడు.

జరిగింది ఇది.

వాళ్ళ ఇల్లు ఊరి చివర. ఇంటికన్నా చుట్టూ ఉన్న స్థలమే పెద్దది. మూడు వైపులా మొక్కల కంచె, వెనక పంపు షెడ్డు, మధ్యలో నాలుగు కూరగాయల మళ్ళు. మామగారు పోయాక ఆయన కత్తి కూతురింటికి వచ్చింది. నల్లటి ఇనుము, కర్ర పిడి, మొన దగ్గర చిన్న పెచ్చు ఊడిన కత్తి. కంచె మీద పాకిన తీగలు కోయడానికీ, ఎరువు బస్తాల కుట్లు తెంపడానికీ, పాదులకి గుంజలు చెక్కడానికీ, చిల్లుపడ్డ నీళ్ళ గొట్టం కోసి అతకడానికీ అదే. వేసవి చివర్లో ఒక ఆదివారం అది కనబడలేదు. అంతకు ముందురోజే బావమరిది వచ్చి పంపు షెడ్డు తలుపు బందు అతికి వెళ్ళాడు.

బావమరిది వెల్డరు. ఒకప్పుడు తాగేవాడు. తాగుడుకి అక్క చేతి గడియారం అమ్మాడు, బావ సైకిలు అమ్మాడు. ఆ రోజుల్లో అతను బల్ల ఎత్తు కూడా ఉండేవాడు కాదు. తర్వాత మానేశాడు. మానేసి, మెల్లగా మనిషంత ఎత్తుకి తిరిగొచ్చి, కుట్టుపని చేసే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పాత సంగతులు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఆ ఆదివారం కళ్ళజోళ్ళాయన ఎత్తాడు. "నిన్న మీ తమ్ముడు వచ్చి వెళ్ళాకే కనబడటం లేదు" అన్నాడు భార్యతో. అంతే అన్నాడు. అంతకన్నా అనాల్సిన అవసరం రాలేదు.

బావమరిది తను తియ్యలేదన్నాడు. అక్క ముందు అన్నాడు, భార్య ముందు అన్నాడు, అత్తగారితో ఫోనులో అన్నాడు. చెప్పినకొద్దీ నమ్మకం తగ్గింది. "తీసుంటే ఈపాటికి కుంచించుకుపోయేవాణ్ణి కదా, నన్ను చూడండి" అన్నాడు చివరికి. "సిగ్గు వదిలేసినవాడు ఎలా తగ్గుతాడురా" అంది అక్క.

వాన పడిన మొదటిరోజు పంపు షెడ్డు కారింది. రేకు సర్దుదామని కళ్ళజోళ్ళాయన నిచ్చెన ఎక్కితే దూలం మీద కత్తి ఉంది. పెట్టింది తనే. వేసవిలో ఒకరోజు గాలికి రేకు లేస్తుంటే తాడుతో కట్టి, కొస కోసి, ముడి బిగించడానికి రెండు చేతులూ కావాల్సొచ్చి కత్తిని దూలం మీద పెట్టాడు. దిగాడు, మర్చిపోయాడు.

అప్పుడే దాన్ని పట్టుకుని ఇంట్లోకి వెళ్ళి ఉంటే వేలెడు సిగ్గుతో పోయేది. భార్య నాలుగు తిట్టి ఊరుకునేది. ఆయన చెయ్యి కత్తి దాకా వెళ్ళింది కూడా. ఇంతలో వంటింట్లోంచి భార్య గొంతు వినబడింది. తమ్ముణ్ణి ఫోనులో కడిగిపారేస్తోంది. ఇన్ని మాటలు అయిపోయాక ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పడం అనిపించింది. రేపు చెబుదాం అనుకుని కత్తిని అక్కడే వదిలి దిగాడు. నిచ్చెన చివరి మెట్టు నుంచి నేల కొంచెం దూరమైనట్టు తోచింది.

రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఆ వారంలోనే బావమరిది భార్య కుట్టుమిషను బండిలో వేసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

"కత్తి లేకుండా ఎన్నాళ్ళండీ" అంది ఒకరోజు నర్సమ్మ. "వానలకి కంచె పెరిగి దారిలోకి వచ్చేసింది. నిన్న డ్యూటీ నుంచి వస్తుంటే తీగ మెడకి తగిలింది. ఒకటి కొనండి. గొప్పకి పోయి మరీ ఖరీదైనది వద్దు, అలాగని నాసిరకమూ వద్దు. మధ్యరకంలో గట్టిది చూడండి."

"సరే" అన్నాడాయన. అప్పటికి చాలాసార్లు ఆ దూలం ఎక్కి కత్తి తీసి, కంచె మొదట్లో గడ్డిలో పడేద్దామనుకున్నాడు. ఎవరికో ఒకరికి దొరికేది, పోన్లే అక్కడ పడిపోయిందన్నమాట అనుకునేవాళ్ళు. తీరా ఎక్కబోయేసరికి నిచ్చెన మెట్లు ఒకదానికొకటి అందనంత దూరమయ్యాయి.

కత్తుల దుకాణం బజారు మలుపులో ఉంది. ఆ దుకాణం ఒక నడివయసావిడది. కత్తులావిడ అంటారందరూ. తోలు ఏప్రాను కట్టుకుని, సానచక్రం ముందు కూర్చుని, కాలితో తొక్కుతూనే బేరం మాట్లాడుతుంది.

"ఏ పనికండీ?" అంది చక్రం ఆపకుండా.

"ఇంటి చుట్టూ పనికి. కంచె, తాళ్ళు, బస్తాలు, గుంజలు చెక్కడం, అలాంటివి."

"అయితే మడతకత్తి వద్దు. మట్టీ జిగురూ పోయి మడత దగ్గర పట్టేస్తుంది. కావాల్సినప్పుడు తెరుచుకోదు, అక్కర్లేనప్పుడు వేలి మీద మూసుకుంటుంది. మడవని రకం చూడండి, ఆ గోడకున్నవన్నీ అవే."

ఆయన గోడ ముందు నిలబడ్డాడు. పక్కన గాజు పెట్టెలో కొమ్ము పిడి కత్తి ఒకటి ఉంది. దాని అలుగు మీద, కోసే భాగమంతా, నీటి అలల్లాంటి చారలు. ఖరీదైనది. అది కొంటే పోయినదానికి పరిహారం కట్టినట్టు ఉంటుందనిపించింది. పెట్టె మీద చెయ్యి పెట్టాడు.

"అది గోడకి తగిలించుకునేవాళ్ళు కొంటారు" అంది కత్తులావిడ. "బురదలో పెట్టడానికి మీకే మనసొప్పదు."

చెయ్యి తీసేశాడు. ఈసారి కింద బుట్టలో గుత్తిగా పడేసిన ప్లాస్టిక్ పిడి కత్తుల దగ్గరికి వెళ్ళాడు. తనలాంటి వాడికి ఇదే ఎక్కువ అనుకున్నాడు. ఒకటి తీసి వంచితే రేకులా వంగింది.

"అవి పళ్ళు కోసుకోవడానికి. గుంజ చెక్కితే మొదటి రోజే విరుగుతుంది. ఇదివరకు ఏది వాడేవారు?"

"నల్ల ఇనుముది. కర్ర పిడి. పిడికి మూడు రివెట్లు, మధ్యది కొంచెం పైకి లేచి ఉంటుంది. మొన దగ్గర పెచ్చు ఊడింది. తేమకి ఒకవైపు తుప్పు మొదలైంది."

"అది పోయిందా?"

"ఆఁ."

"ఇప్పుడే చూసొచ్చినట్టు చెప్తున్నారు" అంది కత్తులావిడ. ఊరికే అంది, ఆ వెంటనే ఇంకో కత్తి చక్రానికి ఆనించింది. ఆయన పంట్లాం అంచు మాత్రం చెప్పుల కిందికి జారింది.

అంతలో గుమ్మంలో నీడ పడింది. బావమరిది. ఏవో ఉలులు సానబెట్టించడానికి వచ్చినట్టున్నాడు, గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. బావని చూసి ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళిపోతాడేమో అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. వెళ్ళిపోతే బాగుండుననుకున్నాడు. అతను లోపలికి వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరి తలలూ ఒక ఎత్తుకి వచ్చాయి.

"కనిపించినా మాట్లాడకూడదనుకున్నాను బావా" అన్నాడు. "కానీ నిన్నిలా చూశాక ఉండలేకపోయాను. అది నేను తియ్యలేదు. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పను, చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. అయినా నా పాత బతుకు అలాంటిది, నువ్వు అనుకోవడంలో తప్పులేదు. నా మూలంగా నువ్వు తగ్గిపోతున్నావని అక్క అందరితో చెప్తోందట. అది వినలేకపోతున్నాను. నన్ను క్షమించు."

కళ్ళజోళ్ళాయన ఏదో అనబోయాడు. అంతదాకా గల్లా బల్ల అంచు ఆయన ఛాతీ దగ్గర ఉండేది, ఇప్పుడు గడ్డానికి వచ్చింది, చూస్తుండగానే ముక్కు దాటింది. కత్తులావిడ లేచి, ఒక స్టూలు తెచ్చి పక్కన పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

చెప్పాలి. ఇదే సమయం. ఆయనకి తెలుసు.

"ఏ కత్తి తీసుకోమంటావు?" అన్నాడు.

బావమరిది ముఖం విప్పారింది. బావ తనని ఒక సలహా అడిగినందుకు. లేచి గోడ మీది కత్తులు ఒక్కొక్కటీ దింపాడు. అలుగుని వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పదునంచు వెలుతురుకెత్తి ఒక కన్ను మూసి చూశాడు. చివరికి మధ్యరకంలో ఒకటి ఎంచాడు. అరచెయ్యంత అలుగు, వెన్ను మందం, మొన మరీ సన్నం కాదు.

"చూడు బావా, ఇనుము పిడి లోపల చివరిదాకా ఒకటే ముక్క. గుంజ చీల్చేటప్పుడు వెన్ను మీద కర్రతో కొట్టినా పిడి ఊడదు. ఇంతకన్నా పొడుగైతే చెయ్యి నొప్పెడుతుంది, పొట్టిదైతే తీగ జారిపోతుంది. వాడగానే తుడిచి కాస్త నూనె రాస్తే చాలు, నీ తర్వాత కూడా ఉంటుంది." పిడి ముందుకు తిప్పి ఇచ్చాడు. "పట్టుకుని చూడు."

ఆయన పట్టుకున్నాడు. వేళ్ళు పిడి చుట్టూ తిరిగి రాలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కర్ర కనిపిస్తూనే ఉంది. కత్తి బరువుకి మణికట్టు వాలిపోయింది.

"నేను అమ్మను" అంది కత్తులావిడ. "కత్తి మంచిదే. ఆ చేతికి మాత్రం ఇవ్వను. జారి కాలి మీద పడితే ఆ పాపం నాది. చెయ్యి మళ్ళీ పెరిగాక రండి."

"నా చేతికి ఇవ్వండి" అన్నాడు బావమరిది. "నేను కోసిపెడతాను. అక్క డ్యూటీలో ఉన్నప్పుడు వస్తాలే బావా, ఇంట్లోకి రాను. కంచె దగ్గరే ఉండి వెళ్ళిపోతాను."

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, దొంగలా ఇంటివైపు ఒకసారి చూసి, పని మొదలుపెట్టాడు. కత్తి భలేగా తెగుతోంది. తీగని ఎడంచేత్తో లాగి, మొదట్లో ఒక్క ఏటు, అంతే. కోసినదాన్ని కళ్ళజోళ్ళాయన ఈడ్చుకెళ్ళి మూల పడేస్తున్నాడు. కొమ్మలు ఆయనకన్నా పొడుగు. బావమరిది మధ్యమధ్యలో ఏవో కబుర్లు చెప్పాడు. ఇంట్లో ఒక్కడే వండుకుంటున్నాడట, అన్నం రోజూ మాడుతోందట. భార్యకి ఫోను చేస్తే అత్తగారు ఎత్తి పెట్టేస్తున్నారట. ఆ మాటలేవీ ఫిర్యాదులా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పాడు.

కంచె సగమయ్యేసరికి వాన దంచికొట్టింది. ఇద్దరూ పంపు షెడ్డులోకి పరిగెత్తారు. ఒక మూల నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"రేకు జరిగింది బావా. ఎలాగూ తడిశాను, సర్దేస్తాను" అని బావమరిది నిచ్చెన గోడకి చేర్చాడు.

కళ్ళజోళ్ళాయన వద్దని ఆపబోయాడు. ఆ వెంటనే ఇంకో ఆలోచన తట్టింది. ఎక్కనిస్తే చాలు. అతనే చూస్తాడు, అతనే తీస్తాడు. 'అరె, ఇక్కడుందా' అని తను ఆశ్చర్యపోతే సరిపోతుంది. మరపు ఎవరికైనా వస్తుంది. అందరూ నవ్వుకుంటారు. ఇన్నాళ్ళ దాపరికం ఎవరికీ తెలియకుండా వానలో కొట్టుకుపోతుంది. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందంటే, వచ్చినందుకే ఆయనకి సిగ్గేసింది. చొక్కా గుండీలు మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి. పంట్లాం పట్టుకోకపోతే జారిపోయేలా ఉంది.

బావమరిది మూడో మెట్టు మీద ఉన్నాడు.

"దూలం మీద చెయ్యి పెట్టి చూడు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "అక్కడుంది. నేనే పెట్టి మర్చిపోయాను. అక్కడుందని నాకు తెలుసు."

వాన చప్పుడులో అతనికి వినబడలేదేమో అనుకున్నాడు. కానీ అతని చెయ్యి దూలం మీదికి వెళ్ళి ఆగింది. మెల్లగా కత్తి దింపాడు. ఒకవైపు తుప్పు పట్టింది. పిడి మీది దుమ్ములో వేళ్ళ ముద్రలు ఉన్నాయి. ఎవరో తీయబోయి వదిలేసిన ముద్రలు, మామూలు మనిషి చేతివి.

"ఎప్పుడు తెలిసింది బావా?"

"వాన పడిన మొదటిరోజు."

బావమరిది లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "అప్పటికి తను ఇంకా ఇంట్లోనే ఉంది" అన్నాడు.

"ఉంది."

"నువ్వొక్క మాట చెప్పి ఉంటే..."

"వెళ్ళేది కాదు."

అతను తిట్టలేదు. నిచ్చెన దిగి, పాత కత్తిని పంపు దిమ్మ మీద పెట్టాడు. కొత్త కత్తిని చొక్కా అంచుతో తుడిచి, ఒరలో దోపి, దాని పక్కన పెట్టాడు. రేకు సర్దకుండానే వానలోకి నడిచి వెళ్ళిపోయాడు. గేటు వెయ్యలేదు.

సాయంత్రం నర్సమ్మ వచ్చేసరికి కళ్ళజోళ్ళాయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆవిడ గొడుగు ముడిచేలోపే మొత్తం చెప్పేశాడు. దేన్నీ మెత్తగా చెప్పలేదు. ఆవిడ గోడకి ఆనుకుని విన్నది. విడవకుండానే చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి వచ్చాయి. చేతి గడియారం అరచేతిలోకి జారింది.

"వార్డంతా చెప్పాను" అంది. "వాడికి సిగ్గు లేదని వార్డంతా చెప్పాను."

"తప్పు నాది. నీది కాదు."

"మీరు ఒక్క మాటే అన్నారు. మిగతావన్నీ నేనే అన్నాను." ఆవిడ కాసేపు తన పాదాల వైపు చూసుకుంది. "ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు? ఫోను ఎత్తరు."

"నేను వెళ్తాను."

"ఇలాగా?"

"ఇలాగే."

మర్నాడు దుకాణం మూసి బస్సెక్కాడు. ఎక్కాడనడం తప్పు, మెట్టు అందక నిలబడితే కండక్టరు రెక్క పట్టుకుని లోపలికి లాగాడు, లాగి కిటికీ వైపు చూస్తూ టిక్కెట్టు చింపాడు. దారి పొడుగునా ఎవరూ ఆయన పక్క సీట్లో కూర్చోలేదు. ఇంత తగ్గిన మనిషిని ఇంత దగ్గరగా చూడటం ఎవరికైనా ఇబ్బందే.

బావమరిది అత్తగారింట్లో వీధి గదిలోనే కుట్టుమిషను ఉంది. తలుపు తీసిన అత్తగారు మొదట ఎదురుగా చూసింది, తర్వాత కిందికి చూసింది. ఆయన చెప్పాల్సింది గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"మీ బావమరిది పంపాడా?" అంది ఆవిడ. "మగాళ్ళు మగాళ్ళు ఒకటి. ఇవాళ మీరొచ్చి నేనే పెట్టానంటే మా పిల్ల మూట సర్దుకుని రావాలా? మాటకేముంది, ఎవరైనా చెప్తారు."

లోపల మిషను ఆగింది. అమ్మాయి బయటికి వచ్చింది. వేలికి ఇత్తడి తొడుగు, మెడలో టేపు. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టేపు తీసి, భుజం నుంచి మడమ దాకా కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

"నిరుడు మీకు రెండు పంట్లాలు కుట్టాను అన్నయ్యగారూ" అంది. "మీ కొలత నాకు గుర్తే." తల్లివైపు తిరిగింది. "ఇంకొకరి కోసం పడే సిగ్గు అంచు మడతలో సర్దుకుంటుందమ్మా. ఇన్నేళ్ళలో ఎంతమందికి విప్పి కుట్టాను. ఇది అది కాదు. ఇది ఈయన సొంతం."

ఆవిడ గుమ్మం వదిలి పక్కకి జరిగింది.

"ఇంకోటి కూడా ఉందమ్మా" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "నువ్వు మిషను బండిలో పెట్టించేటప్పటికే నాకు తెలుసు. మా దుకాణం ముందు నుంచే వెళ్ళింది నీ బండి. చూసి, లోపలికి వెళ్ళి ఫ్రేములు తుడుచుకున్నాను."

ఆమె టేపు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "ఆయన నన్ను కొలిచి చూడమన్నాడు" అంది. "టేపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తగ్గానేమో నువ్వే చూడు, నీకన్నా ఎవరికి తెలుస్తుంది అన్నాడు. నేను చూళ్ళేదు. టేపు విసిరికొట్టాను." వేలికున్న ఇత్తడి తొడుగు జారి నేల మీద పడి దొర్లుకుంటూ మిషను కిందికి వెళ్ళిపోయింది. ఆమె దాన్ని తీసుకోలేదు. లోపలికి వెళ్ళి సంచీ సర్దుకుంది.

బావమరిది ఉండేది వెల్డింగు షెడ్డు పైగదిలో. పైకి ఇనుప మెట్లు. స్థలం చాలక మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు ఎక్కువ పెట్టి తనే అతికిన మెట్లవి. అమ్మాయి కమ్మీ పట్టుకుని కష్టంగా ఎక్కింది. కళ్ళజోళ్ళాయన కిందే ఆగిపోయాడు. మొదటి మెట్టు ఆయన నడుముకి వస్తోంది. ఆగిపోవడానికి ఒక సాకు దొరికినందుకు ఆయనకి ఊరటగానే ఉంది.

పైన తలుపు తీసిన చప్పుడు. పెళ్ళిలో ఆమె అతనికన్నా పొడుగు అని అందరూ వేళాకోళం చేశారు. ఇప్పుడు అతని ముఖం చూడటానికి ఆమె తలెత్తాల్సి వచ్చింది.

"కొలవడానికి వచ్చాను" అంది.

అతను ఏమన్నాడో కిందికి వినబడలేదు. తర్వాత సంచీ నేల మీద పెట్టిన చప్పుడు, మాడిన గిన్నె గురించి ఆమె ఏదో అనడం, అతను ముక్కు చీదుకోవడం. కళ్ళజోళ్ళాయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటి వీధిలోకి అడుగు పెట్టబోతుంటే పైనుంచి మాట వచ్చింది.

"నిన్ను ఎవరు తీసుకొచ్చారు?"

"అన్నయ్యగారు. కింద ఉన్నారు. మెట్లు ఎక్కలేరు."

ఇనుప మెట్ల మీద అడుగులు పడ్డాయి. నెమ్మదిగా, ఒక్కొక్కటీ మోగుతూ. బావమరిది కిందికి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి గొంతుక్కూర్చోలేదు. నిలబడి, పైనుంచి చూశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందులో క్షమించిన గుర్తేమీ లేదు. కళ్ళజోళ్ళాయన దాని కోసం వెతకలేదు.

"వెళ్తాను" అన్నాడు. "చీకటి పడితే బస్సు మెట్టు కనబడదు."

బావమరిది వంగి, రెండు చేతులూ ఆయన చంకల కింద వేసి, చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, భుజాన వేసుకుని పైగదికి మెట్లెక్కసాగాడు. కళ్ళజోళ్ళాయన కాళ్ళు గాల్లో వేలాడాయి. వదులు చెప్పు ఒకటి జారి మెట్ల కింద పడింది. పెద్ద వయసు మనిషి, ఊళ్ళో నలుగురికి చూపు సరిచేసే మనిషి, తను దొంగని చేసిన వాడి భుజం మీద ముఖం దాచుకున్నాడు.

అతనికి అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్ళలేదు. కత్తి పోయిన ఆదివారం కూడా వెళ్ళి చూడలేదు, అతను లేని ఇంట్లో కూర్చునే ఆ మాట అన్నాడు. ఇప్పుడు, మెట్టు మెట్టుకీ ఊగుతూ, ఆ చొక్కాలో ముఖం పెట్టి ఊపిరి పీల్చాడు. ఇనుప రజను వాసన, సబ్బు వాసన, మాడిన అన్నం వాసన. ఇంకే వాసనా లేదు, మందు వాసన అసలే లేదు.